9 ఎంఎం, .45, .380: అమెరికాలో చేతి తుపాకీకి క్యాలిబర్ ఎలా ఎంచుకోవాలి

అమెరికాలో గ్రీన్ కార్డో, పౌరసత్వమో వచ్చాక తుపాకీ కొందామనుకునే మనవాళ్లు కొట్టుకు వెళ్లగానే అడిగేది, "వీటిలో ఏ క్యాలిబర్ పవర్‌ఫుల్?" అని. క్యాలిబర్ అంటే తూటా సైజు. కౌంటర్ వెనకున్నాయనకు ఓ అభిప్రాయం ఉంటుంది. పక్కన నిలబడ్డ కస్టమర్‌ది ఇంకోటి. యూట్యూబ్‌లో చూసొచ్చింది మూడోది. పవర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు తేలాల్సినవి రెండు. నెలనెలా రేంజ్‌కు, అంటే కాల్పులు సాధన చేసే చోటుకు, వెళ్లి కాల్చే ఖర్చు మీరు పెట్టుకోగలరా? మొదటి తూటా పేలాక రెండోది, మూడోది కూడా అనుకున్నచోటే పడేలా ఆ తుపాకీని అదుపులో ఉంచగలరా? ఈ రెండింటికీ అవునని జవాబొచ్చే క్యాలిబరే మీకు సరైంది. చాలామందికి అది 9 ఎంఎం అవుతుంది. కొందరికి కాదు. ఎవరికి కాదో, ఎందుకు కాదో తేల్చుకునే పద్ధతి ఇది.

1. ముందు మీకు అర్హత ఉందా చూసుకోండి

హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బీ-2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదన్నది అక్కడి ఫెడరల్ చట్టం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. "నేను కొనట్లేదుగా, ఫ్రెండ్స్‌తో రేంజ్‌కెళ్లి అద్దె తుపాకీతో పది తూటాలు కాలుస్తానంతే" అనుకుంటే కుదరదు. చేతిలోకి తీసుకోవడం కూడా చట్టం దృష్టిలో దగ్గర ఉంచుకోవడమే. వీసా మీద ఉన్నవాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాల్సిందే.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, పౌరులు లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర చేతి తుపాకీ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. 4473 అనే ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటాలి. ఆ ఫారంలో గంజాయి వాడకం గురించి కూడా ప్రశ్న ఉంటుంది. మీ రాష్ట్రంలో గంజాయికి అనుమతి ఉన్నా, ఫెడరల్ చట్టానికి అది లెక్కలేదు. ఫారంలో అబద్ధం రాస్తే నేరం, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకు అది ఇమిగ్రేషన్ చిక్కు కూడా.

ఆపైన రాష్ట్రాల నిబంధనలు. ఇల్లినాయ్‌లో తుపాకీ యజమానికి విడిగా గుర్తింపు కార్డు కావాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపి పిస్టల్ పిడిలోకి దూర్చే అరలో, పదికి మించి తూటాలు పట్టకూడదు. టెక్సస్‌లో అలాంటి పరిమితి లేదు. క్యాలిబర్ ఎంపికతో దీనికి సంబంధం ఉంది, .45 దగ్గర మళ్లీ చెబుతాను.

2. డబ్బా మీది పేర్లు చదవడం నేర్చుకోండి

తూటా అంటే నాలుగు భాగాలు. ఇత్తడి కేసు, అడుగున ప్రైమర్, లోపల మందు, ముందు బుల్లెట్. బయటికి వెళ్లేది బుల్లెట్ ఒక్కటే. క్యాలిబర్ అంటే దాదాపుగా ఆ బుల్లెట్ వ్యాసం, కొన్నిటికి అంగుళాల్లో, కొన్నిటికి మిల్లీమీటర్లలో. దాదాపుగా అనడానికి కారణం ఉంది. .38 స్పెషల్ బుల్లెట్ నిజానికి .357 అంగుళాలు. .380 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్)ది .355. 9 ఎంఎంది కూడా .355. అంటే ఈ మూడూ వెడల్పులో అన్నదమ్ములే. తేడా అంతా కేసు పొడవులో, లోపల పుట్టే ఒత్తిడిలో ఉంది.

ఒకే తూటాకు రెండు మూడు పేర్లుండటం కొత్తవాళ్లను బాగా తికమక పెడుతుంది. 9 ఎంఎం లూగర్, 9 ఎంఎం పారాబెల్లం, 9x19 అన్నీ ఒకటే. కానీ 9 ఎంఎం మకరోవ్ వేరు. 9 ఎంఎం కుర్జ్ అని రాసి ఉంటే అది .380 ఏసీపీ. .45 ఏసీపీ వేరు, .45 కోల్ట్ వేరు. .357 మాగ్నమ్ రివాల్వర్ తూటా, .357 సిగ్ పిస్టల్ తూటా, ఒకదాని బదులు ఇంకోటి వాడలేరు. పాటించాల్సిన నియమం ఒక్కటే: బ్యారెల్ మీద చెక్కిన పేరు, డబ్బా మీది పేరు, తూటా అడుగున ముద్రించిన పేరు సరిపోలాలి. సందేహం వస్తే కాల్చకండి, రేంజ్ ఆఫీసర్‌ను అడగండి.

పనికొచ్చే మినహాయింపు ఒకటుంది. .357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటాలు కాల్చవచ్చు. .38 రివాల్వర్‌లో .357 కాల్చకూడదు. మాగ్నమ్ కేసును కొంచెం పొడవుగా చేసిందే అది .38 ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, పట్టకుండా ఉండటానికి.

డబ్బా మీద 115, 124, 147, 230 అని కనిపించే అంకెలు బుల్లెట్ బరువు, గ్రెయిన్లలో. ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు. 115 గ్రెయిన్లంటే ఏడున్నర గ్రాములు, 230 అంటే దాదాపు 15 గ్రాములు. +పీ అని ఉంటే మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో తయారైన తూటా. మీ తుపాకీ మాన్యువల్ ఒప్పుకుంటేనే వాడాలి. పాత తుపాకుల్లో అసలు వద్దు.

3. ఒక్క దెబ్బకు పడగొట్టే క్యాలిబర్ అనేది లేదని గుర్తించండి

సినిమాల్లో చూపించినట్టు తూటా తగిలిన మనిషి ఎగిరి వెనక్కి పడడు. చేతి తుపాకీ వేగంలో బుల్లెట్ చేసే పని తను వెళ్లిన దారిలో రంధ్రం చేయడం, అంతే. కాబట్టి లెక్కలోకి వచ్చేవి రెండు: ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు వెళ్లింది. వెడల్పు మూడో స్థానంలో ఉంటుంది.

ఈ సంగతి తేలడానికి అమెరికాలో దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగలను ఎఫ్‌బీఐ ఏజెంట్లు చుట్టుముట్టారు. నిమిషాల పాటు కాల్పులు జరిగాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. దొంగల్లో ఒకడికి మొదట్లోనే 9 ఎంఎం బుల్లెట్ తగిలింది. 115 గ్రెయిన్ల హాలో పాయింట్, అంటే ముందు గుంట ఉండి లోపలికి వెళ్లాక విచ్చుకునే రకం. అది కుడి చెయ్యి దాటి ఛాతీలోకి వెళ్లి, ఊపిరితిత్తిని చీల్చి, గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది. ప్రాణాంతకమైన గాయమే, కానీ అప్పటికప్పుడు ఆపలేదు. వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు.

ఎఫ్‌బీఐ నింద బుల్లెట్ మీద వేసింది. ఎంత లోతుకు వెళ్తే చాలు అన్నదానికి ఒక పరీక్ష తయారు చేసింది. 10 శాతం జెలటిన్ దిమ్మెలోకి కాల్చి చూస్తారు: ఊరికే ఒకసారి, మందపాటి బట్టల గుండా ఒకసారి, గోడ పలక, ప్లైవుడ్, రేకు, కారు అద్దం గుండా ఒక్కోసారి. కనీసం 12 అంగుళాలు వెళ్లాలి, 18 దాటకూడదు. ఈనాటికీ ఆత్మరక్షణ తూటాల డబ్బాల మీద కంపెనీలు గొప్పగా చెప్పుకునేది ఈ అంకెల గురించే.

పరీక్షతో పాటు ఎఫ్‌బీఐ పెద్ద తూటా వెతుక్కుంది. 10 ఎంఎం తెచ్చారు. అది చాలామంది ఏజెంట్ల చేతులకు మరీ గట్టిగా తన్నింది. మందు తగ్గించారు. మందు తగ్గాక కేసులో ఖాళీ మిగిలింది, అలాంటప్పుడు కేసునే కురచ చేస్తే పోలా అని స్మిత్ అండ్ వెస్సన్, వించెస్టర్ కలిసి 1990లో .40 ఎస్ అండ్ డబ్ల్యూ తెచ్చాయి. తర్వాతి ఇరవై ఏళ్లు అమెరికా పోలీసుల నడుముకు ఎక్కువగా కనిపించింది అదే.

ఈలోగా బుల్లెట్ల తయారీ మెరుగుపడింది. కొత్త 9 ఎంఎం హాలో పాయింట్లు కూడా ఆ 12 నుంచి 18 అంగుళాల పరీక్షను నెగ్గడం మొదలుపెట్టాయి. 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం మళ్లీ 9 ఎంఎంకే వెళ్దామని రాసింది. వాళ్ల కారణాలు సూటిగా ఉన్నాయి: మంచి తూటా వాడితే శరీరంలో చేసే గాయంలో క్యాలిబర్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు, 9 ఎంఎంతో ఏజెంట్లు వేగంగా, గురి తప్పకుండా కాలుస్తున్నారు, మ్యాగజైన్‌లో ఎక్కువ పడతాయి, తుపాకీ తక్కువ అరుగుతుంది, ఖర్చు తక్కువ. శిక్షణ పొందిన ఏజెంట్ల సంగతే అలా ఉంటే, నెలకోసారి రేంజ్‌కెళ్లే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కు .40 ఎందుకు?

4. తుపాకీ ఎంత తన్నుతుందో లెక్క వేయండి

డబ్బాల మీద శక్తి అంకెలు ఉంటాయి. వాటిని చూసి మోసపోవడం తేలిక. మీ చేతికి తెలిసేది ఆ శక్తి కాదు, బుల్లెట్ బరువును వేగంతో గుణిస్తే వచ్చేది. మామూలు తూటాలు తీసుకుందాం. 9 ఎంఎం 115 గ్రెయిన్లు, సెకనుకు సుమారు 1,150 అడుగులు. .45 ఏసీపీ 230 గ్రెయిన్లు, సుమారు 850 అడుగులు. గుణిస్తే .45 తన్నుడు 9 ఎంఎం కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. .40లో 180 గ్రెయిన్లు 1,000 అడుగులతో వెళ్తే సుమారు 36 శాతం ఎక్కువ. .380లో 95 గ్రెయిన్లు 950 అడుగులతో వెళ్తే మూడింట రెండు వంతులే.

ఇంతవరకు చూస్తే .380 మెత్తనిదనిపిస్తుంది. ఇప్పుడు తుపాకీ బరువును కలపండి. 9 ఎంఎం గ్లాక్ 19 పిస్టల్ ఖాళీ మ్యాగజైన్‌తో సుమారు 670 గ్రాములు. జేబులో పట్టే .380 రూగర్ ఎల్‌సీపీ సుమారు 270 గ్రాములు. తూటా తన్నుడు మూడోవంతు తగ్గింది, కానీ తుపాకీ బరువు సగానికంటే ఎక్కువ పడిపోయింది. కాబట్టి చిన్న .380 మీ చేతిలో వెనక్కి వచ్చే వేగం ఆ పెద్ద 9 ఎంఎం కంటే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైగా దాని పిడి మీద మూడు వేళ్లు కూడా సరిగ్గా పట్టవు.

చాలా ఇళ్లలో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. భార్య కోసమో అమ్మ కోసమో "చిన్న చేతులు కదా, చిన్న తుపాకీ చాలు" అని అతి తేలికైనది కొంటారు. కౌంటర్‌లో కూడా అదే చూపిస్తారు, ఒక్కోసారి గులాబీ రంగులో. ఆవిడ ఐదు తూటాలు కాల్చి, చెయ్యి నొప్పి పుట్టి, ఇంక రేంజ్ మొహం చూడదు. కొత్తవాళ్లకు కావాల్సింది కొంచెం బరువున్న, మధ్యస్థం సైజు తుపాకీలో మెత్తటి తూటా. జేబులో పట్టే తుపాకులు అనుభవం ఉన్నవాళ్లకే కుదురుతాయి.

ఇంకో చిన్న తిరకాసు. వాల్తర్ పీపీకే లాంటి పాత రకం .380ల్లో స్లైడ్‌ను, అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగాన్ని, మూసి ఉంచేది స్ప్రింగ్, స్లైడ్ బరువు మాత్రమే. అందుకే స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది, తన్నుడు కూడా చురుక్కుమంటుంది. చేతి బలం తక్కువున్నవాళ్లు ఇలాంటివి కొనేముందు స్లైడ్ లాగి చూడాలి.

5. అద్దెకు తీసుకుని ఒకే రోజు పోల్చండి

చాలా ఇండోర్ రేంజుల్లో తుపాకులు అద్దెకిస్తారు, తూటాలు వాళ్ల దగ్గరే కొనాలి. పోలిక నిజాయితీగా ఉండాలంటే తుపాకీ ఒకటే ఉండి క్యాలిబర్ మాత్రం మారాలి. గ్లాక్ 19, గ్లాక్ 23 దీనికి చక్కగా సరిపోతాయి. రెండూ ఒకే సైజు, మొదటిది 9 ఎంఎం, 15 తూటాలు. రెండోది .40, 13 తూటాలు.

ఏడు గజాల దూరంలో పేపర్ ప్లేటు అంత గుండ్రటి లక్ష్యం పెట్టించుకోండి. తొందర లేకుండా ఐదు కాల్చండి, ఎక్కడ పడ్డాయో పెన్నుతో గుర్తుపెట్టుకోండి. తర్వాత మళ్లీ ఐదు, ఈసారి గురి ప్లేటు మీదకు వచ్చిన వెంటనే తర్వాతది, ఆగకుండా. కొన్ని రేంజుల్లో వేగంగా కాల్చనివ్వరు, ముందే అడగండి. ఇలా రెండు తుపాకులతోనూ చేశాక, క్రమం మార్చి మళ్లీ ఒకసారి చేయండి. ఎందుకంటే రెండోసారికి చెయ్యి అలసిపోయి ఉంటుంది, లేదా భయం పోయి ఉంటుంది.

నెమ్మదిగా కాల్చినప్పుడు తేడా పెద్దగా కనిపించదు. .45 అయినా నెమ్మదిగా కాలిస్తే బాగానే పడుతుంది. అది చూసే చాలామంది "నాకు పర్లేదు, హ్యాండిల్ చేయగలను" అనేస్తారు. వేగంగా కాల్చిన ఐదే అసలు పరీక్ష. ప్లేటు బయటికి ఎన్ని పోయాయో చూడండి. ట్రిగ్గర్ నొక్కే ముందే చెయ్యి ముందుకు వంగుతుంటే బుల్లెట్లు కిందికి, కుడిచేతి వాటం వాళ్లకైతే ఎక్కువగా ఎడమ కిందికి పడతాయి. ఏ క్యాలిబర్‌లో ఇది మొదలైందో అది ప్రస్తుతానికి మీకు ఎక్కువే.

చెవులకు లోపల ఫోమ్ ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ పెట్టుకోండి. ఇండోర్‌లో పక్క లేన్‌లో ఎవరైనా .357 మాగ్నమ్ కాలుస్తుంటే ఒక్కటి సరిపోదు. కళ్లద్దాలు తప్పనిసరి.

6. ఏడాది ఖర్చు కాగితం మీద పెట్టండి

ధరలు కొట్టును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి. 2020, 2021లో తూటాల కరువు వచ్చినప్పుడు అన్నిటికంటే మామూలుగా దొరికే 9 ఎంఎం కోసం కూడా వెతుక్కోవాల్సి వచ్చింది. మామూలు రోజుల్లో ప్రాక్టీసు తూటా ఒక్కోటి .22కు 6 నుంచి 10 సెంట్లు, 9 ఎంఎంకు 25 నుంచి 35, .40, .380లకు 35 నుంచి 50, .38 స్పెషల్, .45లకు 45 నుంచి 60 మధ్య అనుకుంటే లెక్క వేసుకోవచ్చు.

నెలకు 100 తూటాలు, ఏడాదికి 1,200. 9 ఎంఎం 30 సెంట్ల చొప్పున 360 డాలర్లు. .45 యాభై సెంట్ల చొప్పున 600. తేడా 240 డాలర్లు. ఈ డబ్బు ఒక రోజు మంచి ట్రైనర్ దగ్గర క్లాసుకు సరిపోతుంది. .45 కొన్నవాళ్లు ఆ 600 ఖర్చు పెట్టరు. ఏడాదికి 1,200 బదులు 300 కాల్చి ఊరుకుంటారు. క్యాలిబర్ పెరిగి ప్రాక్టీసు తగ్గడం అంటే ఇదే.

7. ఎవరికి ఏది

.22 ఎల్‌ఆర్ 1887 నుంచి ఉంది. నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. తన్నుడు లేదు, చప్పుడు తక్కువ, చవక. ఆత్మరక్షణకు మొదటి ఎంపికగా నేను సిఫారసు చేయను. లోతు చాలదన్న మాట సగం కారణమే. మిగతా సగం ప్రైమర్. ఇందులో ప్రైమర్ మందు కేసు అంచు చుట్టూ ఉంటుంది, అది సమంగా పరుచుకోని తూటాలు డబ్బాలో అప్పుడప్పుడు తగులుతాయి. నొక్కితే క్లిక్ అంటుంది, పేలదు. అయితే కీళ్ల నొప్పులతో ఇంకేదీ పట్టుకోలేని మనిషికి బాగా కాల్చగలిగే .22, కాల్చలేని 9 ఎంఎం కంటే మేలే.

.380 ఏసీపీ జాన్ బ్రౌనింగ్ 1908లో తెచ్చింది. దీనికి అసలు చోటు చేతి బలం తగ్గినవాళ్ల దగ్గర. స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ఈజీ లాంటి మధ్యస్థం సైజు .380ల్లో స్లైడ్ సులువుగా లాగొచ్చు, తన్నుడు నిజంగానే తక్కువ. చిక్కు ఏమిటంటే, హాలో పాయింట్ విచ్చుకుంటే చాలాసార్లు 12 అంగుళాలు చేరదు. చేరాలంటే విచ్చుకోకూడదు. అందుకే ఈ క్యాలిబర్‌లో తూటా ఎంపిక మిగతావాటికంటే జాగ్రత్తగా చేయాలి.

.38 స్పెషల్ అంటే రివాల్వర్. స్లైడ్ లాగే పని లేదు, మ్యాగజైన్ లేదు, పేలకపోతే మళ్లీ నొక్కితే తర్వాతది తిరుగుతుంది. ఐదు తూటాల చిన్న రివాల్వర్ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, కాల్చడం మాత్రం కష్టం. ట్రిగ్గర్ గట్టిది, బ్యారెల్ రెండంగుళాలు, తేలిక రకాల్లో తుపాకీ బరువు అరకిలో కూడా ఉండదు. పొట్టి బ్యారెల్‌లో వేగం తగ్గి హాలో పాయింట్లు బట్టలతో పూడుకుని విచ్చుకోకపోవచ్చు కూడా. అందుకే అనుభవజ్ఞుల్లో కొందరు వీటిలో 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ అనే చదును మూతి బుల్లెట్ వాడతారు, తన్నుడు తక్కువ, లోతు సరిపోతుంది. ఇంట్లో ఉంచుకోవడానికే అయితే నాలుగంగుళాల బ్యారెల్, కిలో దగ్గర బరువున్న స్టీలు .357 రివాల్వర్ కొని అందులో .38లు కాల్చడం చాలా తెలివైన పని. అదే .357 తూటాలు చిన్న తేలిక రివాల్వర్‌లో వేస్తే శిక్షే.

.45 ఏసీపీ మీద అమెరికన్లకు ప్రేమ ఎక్కువ. వాళ్ల సైన్యం 1911 నుంచి 1985లో బెరెటా 9 ఎంఎంకు మారేదాకా దాన్నే మోసింది. 2017లో కొత్త పిస్టల్‌కు మారినప్పుడు కూడా సైన్యం 9 ఎంఎంలోనే ఉంది. .45 తన్నుడు గట్టిదే గానీ చురుక్కుమనదు, తోసినట్టుంటుంది, బరువైన స్టీలు 1911లో (ఆ సైన్యపు పాత పిస్టల్ పేరే 1911) హాయిగా ఉంటుంది. టెక్సస్‌లో ఉండి .45 తీసుకుంటే మ్యాగజైన్‌లో తూటాలు వదులుకుంటున్నట్టే. కాలిఫోర్నియాలో ఉంటే ఎలాగూ పది మించవు కాబట్టి ఆ నష్టం దాదాపు ఉండదు. ఖర్చు, చేతి సైజు కుదిరితే అక్కడ .45 తప్పు ఎంపిక కాదు.

.40 గురించి పైనే చెప్పాను. పోలీసులు వదిలేసిన పాత .40 పిస్టళ్లు చవగ్గా దొరుకుతాయి, ఆ ఒక్క కారణంతో మొదటి తుపాకీగా కొనొద్దు. 10 ఎంఎం అలాస్కాలో ఎలుగుబంట్ల మధ్య తిరిగేవాళ్లకు. 2022లో వచ్చిన .30 సూపర్ క్యారీ మంచి ఆలోచనే, కానీ తూటాలు ప్రతి కొట్టులో దొరకవు.

8. రెండు రకాల తూటాలు కొనండి

ప్రాక్టీసుకు ఎఫ్‌ఎంజే, అంటే సీసం మీద రాగి తొడుగున్న గుండ్రటి మూతి బుల్లెట్. రక్షణకు హాలో పాయింట్, ముందు గుంట ఉండి లోపలికి వెళ్లాక విచ్చుకునేది. హాలో పాయింట్ ఎక్కువ క్రూరమైందని మనవాళ్లలో ఒక మాట ఉంది. ఇంటి విషయంలో లెక్క తిరగబడుతుంది. ఎఫ్‌ఎంజే మనిషి దాటి వెళ్లిపోయే అవకాశం ఎక్కువ, వెనక ఎవరున్నారో వాళ్లకు ప్రమాదం. అమెరికా ఇళ్ల లోపలి గోడలు చెక్క ఫ్రేముకు కొట్టిన జిప్సం పలకలు. గురి తప్పితే ఏ క్యాలిబర్ బుల్లెటైనా వాటిని దాటిపోతుంది, హాలో పాయింట్ కూడా. పిల్లల గది ఎటువైపుందో, అపార్ట్‌మెంట్ అయితే పక్క పోర్షన్ ఎటువైపుందో తుపాకీ కొనకముందే చూసుకోవాలి.

9 ఎంఎంలో ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ, స్పీర్ గోల్డ్ డాట్ లాంటివి 124 లేదా 147 గ్రెయిన్లలో తీసుకుంటే పెద్దగా తప్పు జరగదు. ప్రాక్టీసు తూటా కూడా అదే బరువులో కొంటే చేతికి, గురికి తేడా ఉండదు. రక్షణ తూటాలు ఒక్కోటి డాలరు పైనే పడతాయి. అయినా కనీసం వంద అయినా మీ తుపాకీలో, మీ మ్యాగజైన్లతో కాల్చి, ఒక్కటీ ఇరుక్కోలేదని చూసుకున్నాకే నమ్మండి. న్యూజెర్సీ వాళ్లకు ఒక హెచ్చరిక: అక్కడ హాలో పాయింట్లు ఇంట్లో ఉంచుకోవచ్చు, బయట వెంట తిప్పడం మీద ఆంక్షలున్నాయి.

రక్షణకు పెట్టుకున్న తూటానే రోజూ తీసి మళ్లీ ఛాంబర్‌లో వేస్తుంటే బుల్లెట్ కేసులోకి జరుగుతుంది, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పొట్టిగా కనిపించినదాన్ని పక్కన పెట్టేయండి. ఏడాదికోసారి పాతవి రేంజ్‌లో కాల్చేసి కొత్తవి నింపండి.

9. ప్రాక్టీసు ఎలా సాగాలి

మొదటి నెలలు .22తో మొదలుపెడితే సగం టెన్షన్ పోతుంది. గ్లాక్ 44, టారస్ టీఎక్స్ 22 లాంటివి 9 ఎంఎం పిస్టల్ ఆకారంలోనే ఉంటాయి కాబట్టి పట్టు అలవాటవుతుంది. నెల కోటాలో సగం పైగా .22 కాల్చి, చివర్లో 9 ఎంఎం కాల్చండి. పూర్తిగా .22కే అంటుకుపోతే మాత్రం తన్నుడు తట్టుకోవడం రాదు.

స్నేహితుణ్ని మీ మ్యాగజైన్‌లో అక్కడక్కడ డమ్మీ తూటాలు కలిపి నింపమనండి. ఎక్కడున్నాయో మీకు తెలియదు. డమ్మీ వచ్చినప్పుడు తుపాకీ ముక్కు కిందికి ఊగితే మీ భయం బయటపడినట్టే. వారానికి రెండు మూడు సార్లు ఇంట్లో ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్ నొక్కడం సాధన చేస్తే పైసా ఖర్చు లేకుండా అది తగ్గుతుంది. తూటాలు వేరే గదిలో ఉండాలి, ఛాంబర్‌ను కంటితో, వేలితో కూడా చూసుకోవాలి, గురి పెట్టే గోడ వెనక మనుషులు ఉండకూడదు. చాలా .22ల్లో ఇలా ఖాళీగా నొక్కితే ఫైరింగ్ పిన్ దెబ్బతింటుంది, వాటికి మాన్యువల్ ఏమంటుందో చూడండి.

కాలుస్తుండగా "టప్" అని మామూలు కంటే చిన్న చప్పుడు, తన్నుడు లేకుండా వస్తే వెంటనే ఆపండి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. క్లిక్ అని అసలు పేలకపోతే లక్ష్యం వైపే పట్టుకుని అర నిమిషం ఆగండి. ఇంటికి బయల్దేరే ముందు చేతులు సబ్బుతో, చల్లటి నీళ్లతో కడగండి, సీసం ధూళి ఉంటుంది. ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోవద్దు.

10. ఇంట్లో, ప్రయాణంలో

తాళం పడే పెట్టె తుపాకీతో పాటే కొనండి. మన ఇళ్లలో ఇంకో సంగతి కూడా ఉంది. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఆరు నెలలు వచ్చి ఉంటారు. మొదట చెప్పిన చట్టం వాళ్లకూ వర్తిస్తుంది. పెట్టె కోడ్ వాళ్లకు చెప్పకండి, "నాన్నా, ఒకసారి రేంజ్‌కు వెళ్దాం రా" అని సరదాకైనా తీసుకెళ్లి చేతికివ్వకండి.

రేంజ్‌కు వాడే బ్యాగును దేనికీ, ముఖ్యంగా ఇండియా ప్రయాణానికి, వాడొద్దు. అడుగున మడతల్లో ఒక్క 9 ఎంఎం తూటా మిగిలిపోయి శంషాబాద్‌లో స్కానింగ్‌లో దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. మన దేశంలో 9 ఎంఎం నిషేధిత బోరు, లైసెన్సు ఉన్న సామాన్యులకు కూడా చేతి తుపాకుల్లో దొరికేది ఎక్కువగా .32, .22లే. అందుకే బ్యాగుకు ఒక రంగు రిబ్బను కట్టి, తుపాకీ పెట్టె పక్కనే ఉంచండి, సూట్‌కేసులుండే అటకమీద కాదు.